పసిగుండెలను నిద్రపుచ్చి చూపించిన తస్లీమా గారు

చెప్పినది: పోచన్న, పేషంట్ ట్రాన్స్‌పోర్ట్ విభాగం. రాసిపెట్టినది: మనవరాలు మంజుల.

2020 మార్చి 8, ఆదివారం. ఆ పొద్దున షార్జాలోని మా ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో శ్రీమతి తస్లీమా గారు నర్సుగా చేరారు. కండువాకు పిన్ను పెట్టుకుని, సంచి బల్ల మీద పెట్టి, ఆమె అడిగిన మొదటి మాట "ఈ గదిలో ఇంత చలి ఎందుకు?" అని. సీటీ మిషను వేడెక్కకుండా ఏసీ అట్ల పెడతారని టెక్నీషియన్ ప్రమోద్ చెప్పాడు. "మిషనుకి సరే. మరి బట్టలిప్పి పడుకోబెట్టిన చంటిబిడ్డకి?" అని ఆమె రెండో మాట అడిగారు. ఆ రెండో మాటకు ఆ రోజు మా విభాగంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ సెప్టెంబరు నెలాఖరుకు ఆమె పదవీ విరమణ చేస్తున్న ఈ శుభ సందర్భంలో, ఆ జవాబు ఎట్లా దొరికిందో చెప్పుకోవడమే ఆమెకు మేము చేసే సన్మానం.

తస్లీమా గారి స్వస్థలం నెల్లూరు జిల్లా ఆత్మకూరు. తల్లిగారు రహమత్‌బీ ఆ చుట్టుపక్కల కాన్పులకు పిలిస్తే వెళ్లేవారు. తల్లి వెంట తిరిగి, పుట్టిన బిడ్డను పాతచీర ముక్కలో ఎట్లా చుట్టాలో, చేతులు ఎక్కడ ముడవాలో, మెడ కింద ఎంత వదలాలో చూసి చూసి నేర్చుకున్నారు. తరవాత నెల్లూరులో నర్సింగ్ చదివి, కడపలో కొన్నేళ్లు, ఆపైన ఈ దేశంలోనే ఇంకో ఊరి క్లినిక్కులో చాలాకాలం పనిచేసి, యాభై దాటాక మా దగ్గరికి వచ్చారు. భర్త హయాత్ బాషా గారు దుబాయ్ కరామాలో దర్జీ. ఆ వయసులో కొత్త చోట చేరేవాళ్లు మాట్లాడకుండా పని చేసుకుని పోతారని అందరం అనుకున్నాం. ఆమె అట్లాంటి మనిషి కాదు. ఏది చూసినా ఎందుకని అడిగేవారు. వంట్లోకి ఎక్కించే రంగుమందు ఒళ్లంతా ఎందుకు వేడిగా అనిపిస్తుంది, ఊపిరి బిగబట్టమని మిషను ఎందుకు చెబుతుంది, అది అరబ్బీలో చెబితే మన తెలుగువాడు ఏం బిగబడతాడు. నెల తిరక్కముందే ఆమెకు "క్యోం సిస్టర్" అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది ప్రమోదే. ఆమెకు ఆ పేరు నచ్చింది కూడా.

చేరిన పక్షం రోజులకే కరోనా వచ్చి పడింది. సీటీ గది ముందు లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన మనుషుల వరుస కారిడార్ చివరిదాకా ఉండేది. దగ్గుతూ, భయపడుతూ, ఇంటికి ఫోన్ చేయాలా వద్దా అని ఫోను చేతిలో తిప్పుకుంటూ నిలబడేవాళ్లు. తస్లీమా గారు పైనుంచి కిందిదాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, ఆ మిషను ఏం చేస్తుందో ఏం చేయదో వాళ్ల భాషలో చెప్పి లోపలికి తీసుకెళ్లేవారు. జగిత్యాల మనిషికి తెలంగాణ తెలుగు, బీహార్ మనిషికి హిందీ, పఠానుకు ఉర్దూ. కనపడేవి రెండు కళ్లే అయినా ఆ గొంతు విని సగం భయం పోయేదని ఇప్పటికీ కొందరు చెబుతారు. ఆ కాలంలో అలవాటైన గ్లౌజులు ఆమె చేతి నుంచి తరవాత కూడా ఊడలేదు. ఆ గ్లౌజుల సంగతి ముందు ముందు వస్తుంది.

కరోనా కాస్త తగ్గిన 2021లో మా ఆసుపత్రికి కొత్త సీటీ మిషను వచ్చింది. దానితో పాటు హైదరాబాదులో పెరిగిన డాక్టర్ ఆశిష్ గారు వచ్చారు. పసిపిల్లల గుండెలను స్కాన్‌లో చదవడం ఆయన విద్య. పుట్టుకతో గుండెకు వచ్చే లోపాలు ఒక రకం కాదు. ఒకరికి గుండె గోడకు చిల్లు ఉంటుంది. ఇంకొకరికి పెద్ద నాళం ఒకచోట నొక్కేసినట్టు సన్నగా ఉంటుంది. మరొకరికి నాళాలు చేరవలసిన గదిని వదిలి వేరే దారిలో పోతాయి. ఛాతీ మీద జెల్ రాసి చూసే ఎకో పరీక్షలో చాలా మటుకు తెలుస్తుంది గానీ, గాలి నిండిన ఊపిరితిత్తుల వెనక ఉన్న నాళాలు ఎకోకు సరిగా అందవు. అక్కడ సీటీ కావాలి. రంగుమందు నరంలోకి పంపితే నాళాలన్నీ తెల్లగా వెలిగి, గుండె చుట్టూ ఏది ఎటు పోతుందో కొమ్మకొమ్మా కనిపిస్తుంది. ఆ బొమ్మను డాక్టరు గారు తెర మీద ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుంటే, డ్యూటీ అయిపోయాక కూడా తస్లీమా గారు వెనక నిలబడి చూసేవారు.

అయితే బొమ్మ రావాలంటే బిడ్డ కదలకూడదు. పెద్దవాళ్లకు కదలొద్దని చెప్పొచ్చు, రెండు నెలల బిడ్డకు ఏం చెబుతాం? మత్తు ఇవ్వాలి. ముందే ఊపిరికి ఇబ్బంది పడే బిడ్డకు మత్తు ఇవ్వడమంటే మత్తు డాక్టరు కూడా రెండుసార్లు ఆలోచిస్తాడు. మత్తు లేకుండా పాలు పట్టి, గుడ్డలో చుట్టి, సహజంగా నిద్రపోయాక స్కాన్ తీసే పద్ధతి ఒకటి ఉందని డాక్టర్ ఆశిష్ గారు చెప్పారు. కొన్నిచోట్ల చేస్తున్నారట. అది విని తస్లీమా గారు నవ్వి, "ఇది మా అమ్మ పద్ధతే కదా డాక్టర్" అన్నారు.

మొదటి ప్రయత్నాలు కుదరలేదు. ఆసుపత్రి దుప్పటి గంజి పెట్టినట్టు గరగరలాడుతుంది, గదిలో చలి, బిడ్డ కళ్లు మూసినట్టే మూసి తెరిచేస్తుంది. అప్పుడు తస్లీమా గారు నర్సింగ్ ముదీర్, అంటే మేనేజరు దగ్గరికి వెళ్లి, బిడ్డల ఇళ్ల నుంచే పాత నూలుచీర తెప్పించుకుంటానని అడిగారు. ఇంటి గుడ్డలు స్కాన్ గదిలోకి ఎలా వస్తాయని ముదీర్ ఒప్పుకోలేదు. ఆమె విసిగించకుండా, వదలకుండా, వారం రోజులు అడిగారు. చివరికి వేడినీళ్లలో ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్త కవరులో పెట్టి తెస్తే సరేనన్నారు. అప్పటి నుంచి వరుస ఇది: ముందు సూది, ఏడుపంతా అప్పుడే అయిపోవాలి. తరవాత తల్లి పాలు. తరవాత వాళ్ల ఇంటి చీర, వాళ్ల ఇంటి వాసన. బిడ్డ నిద్రపోయాకే మిషను గది తలుపు తెరవాలి. గదిలో చలికి, చేరిన రోజు ఆమె అడిగిన మాటకు, ఆ చీరే జవాబు అయింది.

ఇక ఆ చీర దగ్గర జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. 2022 జనవరి అది.

భూమేశ్ జగిత్యాల దగ్గరి పల్లె మనిషి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏసీల చల్లనీళ్ల పైపులు తయారుచేసే వర్క్‌షాపులో పని. భార్య పేరు ప్రేమ. ఆమెతో దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఒక గదిలో ఉండేవాడు. కాన్పు కోసం తల్లి కొమురవ్వను విజిట్ వీసా మీద పిలిపించుకున్నాడు. కొడుకు పుట్టాడు. పుట్టిన కొన్నాళ్లకే ఆ బిడ్డ నాలుగు గుక్కలు తాగి ఆగిపోవడం, నుదుట చెమట పట్టడం, ఏడిస్తే పెదవులు నేరేడుపండు రంగుకు తిరగడం చూశారు. ఎకో తీస్తే, ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చే నాళాలు గుండెలో చేరవలసిన చోట చేరినట్టు లేవు, మరి ఎక్కడ చేరుతున్నాయో తెలియడం లేదు అన్నారు. గుండె సర్జను ఆపరేషనుకు సిద్ధంగా ఉన్నాడు. ఏ దారి ఎటు పోతుందో తెలియకుండా కత్తి పెట్టలేడు. ఆలస్యం చేస్తే బిడ్డ తట్టుకోలేడు. బిడ్డను ఏడవనివ్వొద్దని డాక్టర్లు చెప్పినప్పటి నుంచి ప్రేమ వాణ్ణి కింద పెట్టలేదు. పురుడు కూడా చేయలేదు, పేరు కూడా పెట్టలేదు.

ముందురోజు తస్లీమా గారు ఫోన్ చేసి చెప్పారు. "అమ్మా, రేపు వచ్చేటప్పుడు మెత్తటి నూలుచీర, పాతది, బాగా ఉతికి తీసుకురండి. పిన్నీసులు ఉండకూడదు. బిడ్డ ఒంటి మీద వెండి, ఇనుము ఏమీ వద్దు." అన్నీ చెప్పారు. ఒక్కటి చెప్పలేదు. అది చెప్పాల్సి వస్తుందని ఆమెకు అప్పటిదాకా తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. కొమురవ్వ కవరు చేతికిచ్చి, "చూసుకోన్రి అక్కా, మంచిగ ఉతికిన. ఇస్త్రీ మా పోరడే చేసిండు" అంది.

"నన్ను అక్కా అంటున్నావా? ఎవరు పెద్దో లెక్క తీద్దామా?"

"నీకు కండ్లద్దాలున్నయి, నాకు లెవ్వు. నువ్వే పెద్ద."

"సరే వదినా, గెలిచావు," అని తస్లీమా గారు గ్లౌజు చేతితోనే చీరను నొక్కి చూశారు. మెత్తగా ఉంది. సరేనన్నారు.

బిడ్డ మొలతాడుకున్న వెండిపూస, చేతుల నల్లగాజులు తీసి కొమురవ్వ కొంగున కట్టారు. దిష్టిచుక్క ఒక్కటి ఉంచారు. సూది పెట్టబోతుంటే డాక్టర్ ఆశిష్ గారు వచ్చి, "సిస్టర్, ఈ బాబుకి చేతికి వద్దు. కాలికి పెట్టండి" అన్నారు.

"ఎందుకు డాక్టర్?"

ప్రమోద్ అటు తిరిగి నవ్వుకున్నాడు. డాక్టరు గారు మాత్రం నిలబడి చెప్పారు. "దారి తప్పిన నాళం పైకి వెళ్లి, ఎడమచేతి రక్తం తెచ్చే నాళంలో కలుస్తోందని నా అనుమానం. చేతి నుంచి మందు పంపితే అక్కడంతా తెల్లగా నిండిపోతుంది, అసలు చూడాల్సింది అందులో మునిగిపోతుంది. కాలి నుంచి పంపితే మందు గుండెలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఆ నాళం గుండానే తిరిగి వస్తుంది. అప్పుడు అది దాక్కోలేదు."

"దొంగను వెనకదారిన పట్టుకోవడం అన్నమాట," అన్నారు ఆమె.

కాలికి సూది పడింది. బిడ్డ ఏడ్చాడు, పెదవులు నల్లబడ్డాయి, ప్రేమ గోడవైపు తిరిగి నిలబడింది. ఆక్సిజన్ పెట్టి, సముదాయించి, పాలు పట్టారు. తాగుతూ ఆగుతూ, ఆగుతూ తాగుతూ వాడు చివరికి పాలు వదిలేశాడు. కొమురవ్వ పొడుగ్గా మడతలు పెట్టి ఇచ్చిన చీరను తస్లీమా గారు అందుకుని తల్లి నేర్పిన పద్ధతిలో చుట్టారు. చేతులు లోపల, గడ్డం బయట, కాలి దగ్గర సూది కోసం సందు. వాడి కనురెప్పలు వాలాయి, ఊపిరి ఒక తీరుకు వచ్చింది. అంత అలసిన బిడ్డకు అంత మంచి నిద్ర అదే మొదటిసారి అని ప్రేమ తరవాత చెప్పింది.

అసలు స్కానుకు ముందు, ఎక్కణ్ణించి ఎక్కడిదాకా తీయాలో చూసుకోవడానికి ఒక లేత బొమ్మ తీస్తారు. దాన్ని స్కౌట్ అంటారు. ప్రమోద్ ఆ బొమ్మ తీసి, తెర దగ్గరికి వంగాడు.

"అక్కా, గొలుసు తియ్యలేదా?"

"అన్నీ తీశాం."

"మరి గిదేంది?"

బిడ్డ ఛాతీ మీద, సరిగ్గా గుండె ఉన్న చోట, అడ్డంగా ఒక మెరుపు గీత ఉంది. మసకగా, వరసగా, చిన్నచిన్న గోపురాలు నిలబెట్టినట్టు. డాక్టర్ ఆశిష్ గారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశారు. వంట్లో తీగ ఉండే అవకాశం లేదు, ఇదివరకు ఆపరేషను కాలేదు. మిషను తప్పా అంటే, మిషను గోపురాలు గీయదు. ముగ్గురూ వింత చూసినట్టు ఆ బొమ్మను చూస్తూ నిలబడ్డారు. తస్లీమా గారు ఆ వరసను వేలితో గాలిలో గీసి చూసి, గ్లౌజు తీసేసి, లోపలికి వెళ్లి, బిడ్డ గుండె మీద ఉన్న మడతను ఉత్త వేళ్లతో తడిమారు. గరుకుగా తగిలింది.

జరీ. ఒళ్లంతా నూలు, అంచు మాత్రం గోపురాల జరీ. మడతల్లో అంచు లోపలికి పోయింది. అది అసలైన లోహపు తీగ జరీ.

బయటికి వచ్చి మెల్లగా చెప్పారు. డాక్టరు గారు ఒక్క క్షణం ఆలోచించి, "ఇలాగే తీస్తే ఆ తీగ నుంచి గీతలు చిమ్ముతాయి, నాళాలు ఉండే చోటే పాడవుతుంది" అన్నారు. కిరణాలు తగిలే పరీక్ష, రంగుమందు పోసే పరీక్ష, పసిబిడ్డకు పాడుచేసి మళ్లీ చేద్దామనుకోవడానికి లేదు. విప్పితే లేస్తాడు. లేస్తే మళ్లీ ఏడుపు, మళ్లీ నలుపు, అలసిపోయిన ఆ ఒంట్లో ఇంకోసారి పాలు తాగే ఓపిక లేదు. మత్తు డాక్టరుకు ఫోన్ చేశారు. ఈ బిడ్డకు మత్తు ఇవ్వాలంటే ఐసీయూలో అన్నీ సిద్ధం చేసుకోవాలి, ఈరోజు కాదు, రేపు కూడా చెప్పలేను అన్నాడాయన. సర్జను మరుసటి పొద్దున కోసం కాచుకుని ఉన్నాడు.

"కోసేద్దాం," అన్నారు తస్లీమా గారు. "బిడ్డను విప్పను. గుడ్డనే కోస్తా."

"అయితే చేయండి సిస్టర్, ఆగారెందుకు?"

"చీర నాది కాదు డాక్టర్."

కారిడార్‌లో కొమురవ్వ బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. తస్లీమా గారు పక్కన కూర్చున్నారు.

"వదినా, పాతచీర తెమ్మంటే ఏ చీర తెచ్చావు?"

"పాతదే గదా. నా బిడ్డ పెండ్లిల కట్టిన."

"పెళ్లి ఎప్పుడైంది?"

"అయింది లే, నాలుగైదేండ్లు." కొమురవ్వ తల దించుకుంది. "ఇంట్ల పాతయి ఉన్నయి అక్కా. అన్ని చిరుగులే. దవాఖానకు చిరుగుల చీర పట్కపోతె మా పోరని ఇజ్జత్ ఏముంటది? నాకున్నది గిదొక్కటే మంచిది. విమానంల గూడ గదే కట్టుకొచ్చిన." అంతలో ఆమెకు అనుమానం వచ్చింది. "ఏమయింది? నా చీరతోని ఏమన్న ఖరాబైందా?"

"నీ తప్పు కాదు. జరీ లేనిది తెమ్మని నేను చెప్పలేదు, చూసుకోలేదు. జరీ తీగ గుండెకు అడ్డం వచ్చింది. బాబు నిద్రలో ఉన్నాడు. లేపకుండా అంచు కోసి తియ్యాలి."

కొమురవ్వ ఆమె మొహంలోకి చూసింది. "కోస్తె కనవడ్తదా?"

"కనపడుతుంది."

"మరి ఇంకేం అడుగుతున్నవ్? లేచి రా." తస్లీమా గారి కన్నా ముందు ఆమే లేచింది.

లోపల కొమురవ్వ బిడ్డ తల మీద అరచేయి ఆనించి నిలబడింది. నోట్లో నోట్లో ఊఁ ఊఁ అంటోంది, అంతే. తస్లీమా గారు డ్రెస్సింగ్ కత్తెరతో, కింద తన వేలు అడ్డం పెట్టుకుని, ఎడమ పక్క నుంచి మొదలుపెట్టారు. నూలు తెగినప్పుడు చప్పుడు లేదు. జరీ దగ్గర మాత్రం కరకరమంది. బిడ్డ మొహం చిట్లించాడు. కత్తెర ఆగింది. అరచేయి ఆగలేదు. పెదవులు పాలు తాగుతున్నట్టు కదిలి, మళ్లీ మామూలు అయ్యాయి. కత్తెర కదిలింది. ముందువైపు అంచు ముక్క చేతికి వచ్చింది. వీపు కింద ఉన్నది మిగిలింది. ప్రమోద్ రెండు చేతులూ కింద పెట్టి, బిడ్డను గాలిలో తేలినట్టు ఒక బెత్తెడు లేపాడు. ఆ బెత్తెడు సందులోంచి తస్లీమా గారు మిగతా అంచును ఊదినంత మెల్లగా లాగారు. వస్తూ ఉంది, వస్తూ ఉంది, అయిపోదేమో అనిపించింది. అయిపోయింది.

రెండో స్కౌట్‌లో గోపురాలు లేవు. పక్కటెముకలు, వాటి మధ్య గుండె నీడ, అంతే ఉంది. అందరూ బయటికి వచ్చేశారు, తలుపు మూసుకుంది, కాలి నుంచి మందు వెళ్లింది. బల్ల జరిగింది. కన్ను మూసి తెరిచేలోపు పని ఖలాస్. బిడ్డ లేవలేదు.

డాక్టర్ ఆశిష్ గారు బొమ్మను తిప్పి, గుండె వెనకవైపు చూపించారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే నాళాలు నాలుగూ గుండె వెనకాల ఒకచోట కలిసి, గుండెలోకి పోకుండా, ఒకే నాళంగా పైకెక్కి, వంపు తిరిగి, చెడురక్తం తెచ్చే నాళంలో కలుస్తున్నాయి. ఆయన అనుమానించిన చోటే. తస్లీమా గారు తెరకు దగ్గరగా వచ్చి అడిగారు, "ఇన్ని నెలలు కడుపులో ఎలా పెరిగాడు మరి?"

"కడుపులో ఊపిరి పని లేదు సిస్టర్. మంచి రక్తం అమ్మ దగ్గర్నించి బొడ్డుతాడులో వస్తుంది. ఈ దారి తప్పినా ఎవరికీ తెలియదు. పుట్టి మొదటి ఊపిరి తీశాకే ఈ దారితో పని."

ఆమె తెర మీది ఆ నాళం వెంట వేలు పోనిచ్చారు. "అంటే పుట్టేదాకా వీడికి ఏ కష్టమూ లేదన్నమాట," అన్నారు మెల్లగా.

భూమేశ్‌ను పిలిచి చూపించారు. అతను బొమ్మ వంక చూసి, "సార్, అంటే సప్లై లైన్ పోయి రిటర్న్ లైన్ల కలిసింది" అన్నాడు.

"సగం కరెక్ట్," అన్నారు డాక్టరు గారు. "గోడలో ఒక చిన్న సందు ఉంది. దానిలోంచి కొంచెం కలిసిన రక్తం అవతలికి పోతోంది కాబట్టే బాబు ఇన్నాళ్లు నిలిచాడు. సర్జను ఆ పైపును కోసి, గుండె వెనక గదికి కలిపి, సందు మూసేస్తారు."

"కలుపుతరా?"

"కలుపుతారు. ఎక్కడ కలపాలో ఇప్పుడు తెలిసింది కదా."

భూమేశ్ తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. బయటికి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం కరామాలో హయాత్ బాషా గారు ఈ సంగతంతా విని, చాయ్ కప్పు కింద పెట్టి, "ముప్ఫై ఏళ్లు దర్జీతో కాపురం చేసి, చేత్తో ముట్టుకుని జరీ తెలుసుకోలేకపోయావా?" అన్నారట.

"గ్లౌజు ఉంది చేతికి."

"నా దగ్గర పనికి చేరిన మొదటి వారం కూడా ఎవడూ ఇట్లాంటి సాకు చెప్పలేదు." అట్లా అన్నాయన, ఆ చీర తెప్పించి, కోసిన అంచును పాత కుట్టు కనపడకుండా తిరిగి కుట్టి ఇచ్చారు. కూలి ఎంతని అడిగితే కొమురవ్వను కోప్పడ్డారు. ఆ తరవాత మా విభాగంలో పద్ధతి మారింది. చీరను ఎవరైనా ఉత్త చేతితో, అంచు నుంచి అంచు దాకా తడిమి చూశాకే లోపలికి తేవాలి. ఫోనులో చెప్పే మాటల్లో "జరీ లేనిది, చిరిగినా పర్వాలేదు, మేమేమీ అనుకోం" అనేది చేరింది. ఈ చివరి ముక్క తస్లీమా గారే చేర్పించారు.

మరునాడు గుండె ఆసుపత్రిలో ఆపరేషను జరిగింది. పొద్దున మొదలైంది మధ్యాహ్నం దాటాక ముగిసింది. దారి తెలిసి వెళ్లడం వల్ల లోపల వెతుకులాట లేకుండా పోయిందని సర్జను కబురు పంపారు. అయినా కొన్నాళ్లు ఐసీయూలో భయం తీరలేదు. తస్లీమా గారు సెలవు రోజున బస్సు ఎక్కి వెళ్లి, అద్దం బయట నిలబడి చూసి వచ్చేవారు. ఏమైనా చెప్పారా అని మేము అడిగితే, "పాలు తాగుతున్నాడు. మధ్యలో ఆగట్లేదు" అని చెప్పిన రోజు మా గదిలో అందరం మిఠాయి తిన్నాం.

రెండు నెలలకు బిడ్డను చూపించడానికి తీసుకొచ్చారు. బుగ్గలు వచ్చాయి. పేరు కూడా పెట్టారు. ప్రేమ మాత్రం వాణ్ణి అప్పటిలాగే గుండెకు హత్తుకుని పట్టుకుంది. కారిడార్‌లో కూర్చున్నప్పుడు వాడు ఆకలికో, చలికో, మొహం ముడిచి ఏడుపు అందుకున్నాడు. ప్రేమ వాణ్ణి భుజాన వేసుకుని వీపు తట్టింది. కొమురవ్వ పాలసీసా కోసం సంచి బోర్లించింది. భూమేశ్ లేచి నిలబడ్డాడు. ముగ్గురూ ఒక్కసారే వాణ్ణి ఊరుకోబెట్టడానికి ఎగబడ్డారు.

"ఉండమ్మా," అన్నారు తస్లీమా గారు. "ఏడవనీ."

"వద్దు మేడం, ఏడిస్తే..."

"ఒక్క నిమిషం. ఇటు ఇవ్వు."

వాణ్ణి చేతుల్లోకి తీసుకుని, కిటికీ వెలుతురు వైపు తిరిగారు. వాడు గట్టిగా ఏడ్చాడు. ఇంకా గట్టిగా ఏడ్చాడు. ప్రమోద్ బయటికి వచ్చాడు, డాక్టర్ ఆశిష్ గారు తలుపు తెరిచి చూశారు. అందరూ ఆ పెదవులనే చూస్తున్నారు. మొహం ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి, పెదవులు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. నలుపు లేదు. ప్రేమ దగ్గరికి వచ్చి ఆ పెదవులను వేలితో ముట్టుకుని చూసింది. తరవాత ఆమె ఏడవడం మొదలుపెట్టింది, అయినా కొడుకును తిరిగి అడగలేదు.

"ఎంత సక్కగ ఏడుస్తుండు," అంది కొమురవ్వ.

పిల్లలను ఏడవకుండా పడుకోబెట్టడమే వృత్తిగా పెట్టుకున్న తస్లీమా గారు, ఆ రోజు బిడ్డ ఏడుపు ఆగేదాకా కిటికీ దగ్గర నిలబడి విన్నారు.

ఆ తరవాత ఇన్నేళ్లలో ఇంకా ఎందరో బిడ్డలు ఆమె చేతి చుట్టలో నిద్రపోయారు. కొందరి గుండెలు బాగయ్యాయి, కొందరివి కాలేదు. బాగుకాని బిడ్డల తల్లుల పక్కన కూడా ఆమె అంతే సేపు కూర్చున్నారు. కొత్తగా చేరిన నర్సులకు చుట్టడం నేర్పారు. విసుగు లేకుండా, హోదా చూపకుండా, తప్పు జరిగితే ఇంకొకరి మీదికి నెట్టకుండా పనిచేసిన మనిషి అని మా విభాగం తరఫున వినమ్రంగా చెప్పుకుంటున్నాం. ఇక ఆత్మకూరు వెళుతున్నారు. కూతురు కుబ్రా బేగంకు వచ్చే నెల కాన్పు. హయాత్ బాషా గారు కుట్టుమిషను ముందే పంపించేశారట.

తస్లీమా గారికి కంటిచూపు తగ్గకుండా, మోకాళ్లు పట్టేయకుండా, రాత్రిపూట హాయిగా నిద్రపట్టి, పొద్దున్నే కొత్తగా ఏదో తెలుసుకోవాలనిపించి లేచే ఆరోగ్యం నిండుగా కలగాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి చల్లగా నూరేళ్లు బతకాలి. ఎర్రని పెదవులతో, ఇంటి కప్పు ఎగిరేలా ఏడ్చే పసిబిడ్డలు ఆమె చేతుల్లో ఎప్పుడూ ఉండాలి.